కీర్తన్‌ఖోలా నుంచి కాగజ్‌నగర్ దాకా

ఢాకా నుంచి బరిశాల్‌కి లాంచీలో వెళ్ళేవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు. 2022 జూన్‌లో పద్మా నది మీద వంతెన తెరిచారు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి బరిశాల్‌లో ఉండొచ్చు. అయినా నేను సదర్‌ఘాట్‌కి వెళ్ళి రాత్రి లాంచీయే ఎక్కాను. నేను ఎవరి జాడ పట్టుకుని బయల్దేరానో ఆయన కాలంలో ఆ జిల్లాకి నీళ్ళే దారి. ఓట్లడగాలన్నా, కోర్టు వాయిదాకి పోవాలన్నా, తగలబడ్డ ఊళ్ళు చూసి రావాలన్నా పడవెక్కాల్సిందే.

కింది డెక్కు మీద కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నాయి. బుడిగంగ మురికి వాసన దాటాక ధలేశ్వరి, ఆ తర్వాత మేఘన. చలికాలం కావడంతో పొగమంచు దిగింది. లాంచీ హారన్ కొట్టుకుంటూ నెమ్మదిగా పోతోంది. పక్కన చాప వేసుకున్న పెద్దాయన పలకరించాడు. నా బెంగాలీ అంతంత మాత్రం, ఆయన హిందీ సినిమాల్లోంచి నేర్చుకున్నది.

"ఎక్కడి నుంచి దాదా?"

"హైదరాబాద్ నుంచి."

"బరిశాల్‌లో ఏం పని?"

"గౌర్‌నది వైపు వెళ్ళాలి. జోగేన్ మండల్ పుట్టిన ప్రాంతం చూడాలని."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆ... మంత్రి కదా. ఇండియా వెళ్ళిపోయాడు" అన్నాడు. నదికి అవతల, సరిహద్దు దాటాక ఇదే పేరు చెబితే, పాకిస్తాన్ వెళ్ళినాయన కదా అన్నారు. వెళ్ళిపోయిన మనిషిగానే రెండు వైపులా గుర్తుండటం ఎలాంటిదో ఆ ప్రయాణం పొడుగునా నన్ను వదలని ఆలోచన.

అంబేడ్కర్ జీవిత చరిత్రలు చదివిన తెలుగువాళ్ళకి జోగేంద్రనాథ్ మండల్ ఒక్క వాక్యంలో తెలుసు. 1946లో బొంబాయిలో దారి మూసుకుపోయినప్పుడు అంబేడ్కర్‌ని బెంగాల్ శాసనసభ్యుల ఓట్లతో రాజ్యాంగ సభకి పంపించినాయన. పాకిస్తాన్ చరిత్ర పుస్తకాల్లో ఆయనది మరో వాక్యం. రాజ్యాంగ సభ తొలి సమావేశానికి అధ్యక్షుడు, ఆ దేశపు మొదటి న్యాయ, కార్మిక శాఖల మంత్రి. మూడేళ్ళు తిరిగేసరికి కలకత్తా నుంచి రాజీనామా ఉత్తరం. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. వాటి గురించి ఏ వాక్యమూ లేదు. ఆయనని కొందరు ద్రోహి అన్నారు, కొందరు మోసపోయిన అమాయకుడు అన్నారు. రెండూ తప్పని నా నమ్మకం. ఆ నమ్మకానికి సగం ఆధారం పుస్తకాల్లో దొరికింది, మిగతా సగం గౌర్‌నది పొలాల్లో.

తెల్లవారకముందే లాంచీ కీర్తన్‌ఖోలా ఒడ్డున ఆగింది. బరిశాల్ పెద్ద ఊరే, కానీ అరుపులు తక్కువ. చెరువులు, వాటి చుట్టూ పాత ఇళ్ళు. లాహోర్ తీర్మానాన్ని 1940 మార్చిలో సభ ముందు పెట్టిన ఫజ్లుల్ హక్ ఈ జిల్లావాడే. కవి జీవనానంద దాస్ పుట్టింది, పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఆయన పని చేసిన బ్రజమోహన్ కాలేజీని 1889లో అశ్వినీ కుమార్ దత్త పెట్టాడు. స్వదేశీ ఉద్యమ నాయకుడు, ఊరంతా దేవుడిలా చూసిన మనిషి. మండల్ చదివింది కూడా ఆ కాలేజీలోనే.

పొద్దున పూట కాలేజీ ఆవరణ ఆడపిల్లలతో, మగపిల్లలతో కళకళలాడుతోంది. నేను గేటు దగ్గర నిలబడి 1937 ఎన్నికని తలుచుకున్నాను. బెంగాల్ శాసనసభలో అప్పుడు షెడ్యూల్డ్ కులాలకి 30 రిజర్వుడు సీట్లున్నాయి. మండల్ వాటిలో దేనికీ పోటీ చేయలేదు. బాకర్‌గంజ్ (బరిశాల్ జిల్లాకి అప్పటి పేరు) ఈశాన్య గ్రామీణ నియోజకవర్గం జనరల్ సీటులో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ఎదుట కాంగ్రెస్ అభ్యర్థి సరళ్ కుమార్ దత్త, సాక్షాత్తూ అశ్వినీ దత్త కుటుంబీకుడు. మైస్తర్‌కాంది అనే పల్లెలో 1904లో ఒక నమశూద్ర రైతు ఇంట పుట్టిన కుర్రాడు, ఆ దత్తలు పెట్టిన కాలేజీలో చదువుకుని, ఆ దత్తల మీదే గెలిచాడు. జనరల్ సీట్లో దళితుడు గెలవడం ఈ రోజుకీ మన దగ్గర ఎంత అరుదో తెలిసిన పాఠకులకి దీని బరువు వివరించక్కర్లేదు.

బరిశాల్ నుంచి గౌర్‌నదికి ఢాకా రోడ్డు మీద ఉత్తరంగా వెళ్ళాలి. గౌర్‌నది పెరుగుకి పేరు. మట్టి కుండల్లో గట్టిగా తోడుకున్న తియ్యటి పెరుగు, కత్తితో కోసి పెడతారు. అక్కడ నేను మండల్ ఇల్లు వెతకలేదు. ఆయన చూసిన నేల చూడాలనుకున్నాను. రోడ్డు దిగి పల్లెల్లోకి నడిస్తే అరమైలుకో కాలువ, కాలువకో వెదురు వంతెన. పాదం పట్టేంత వెదురు ఒకటి, చేతికి ఆసరాగా ఇంకోటి, అంతే. వరి కోసేసిన మళ్ళల్లో ఇంకా తడి ఉంది. కొన్ని చోట్ల మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల విసురుతున్నారు. ఆ వల విసిరేవాడు ముస్లిమా నమశూద్రుడా అని చూసి చెప్పలేం. అదే లుంగీ, అదే గావంచా, అదే బురద.

మండల్ రాజకీయం అర్థం కావాలంటే ముందు ఈ బురద అర్థం కావాలి. ఈ నేలంతా ఒకప్పుడు చిత్తడి. బెంగాలీలో బిల్ అంటారు. పడవలు నడుపుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికిన నమశూద్రులు తరాల తరబడి ఆ చిత్తడిని వరి పొలంగా మార్చారు. సాగు వాళ్ళది, భూమి హక్కు మాత్రం పై కులాల జమీందారులది, తాలూకాదారులది. వాళ్ళ పక్క మడిలో అదే జమీందారుకి అదే శిస్తు కడుతున్నవాడు ముస్లిం రైతు. ఇద్దరికీ అప్పిచ్చే షావుకారు ఒకడే. ఇద్దరి పిల్లలూ బడికి దూరం. కోర్టులో, ఠాణాలో, కచేరీలో ఇద్దరికీ ఎదురయ్యే బాబు ఒకడే.

నమశూద్రులు తలెత్తుకోవడం మండల్‌తో మొదలు కాలేదు. ఇప్పుడు గోపాల్‌గంజ్ జిల్లాలో ఉన్న ఓరాకాందిలో హరిచాంద్ ఠాకూర్ మతువా మార్గం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు గురుచాంద్ దాన్ని చదువుల ఉద్యమం చేశాడు. మీడ్ అనే ఆస్ట్రేలియా బాప్టిస్టు మిషనరీని ఊరికి రప్పించి బడి పెట్టించాడు. జనాభా లెక్కల్లో తమని అవమానించే పాత పేరు తీసేయించుకుని 1911లో నమశూద్ర అన్న పేరు రాయించుకున్నారు. గోదావరి జిల్లాల్లో, నిజాం రాష్ట్రంలో ఆ రోజుల్లోనే మన మాల మాదిగ నాయకులు బడులు పెట్టిన చరిత్ర ఎరిగినవాళ్ళకి ఓరాకాంది కొత్త ఊరిలా అనిపించదు.

మండల్ మొదట సుభాష్ చంద్ర బోస్, శరత్ బోస్‌లకి దగ్గరగా ఉన్నాడు. కాంగ్రెస్ బోసులని బయటికి నెట్టాక ఆ పార్టీలో తన వాళ్ళకి చోటు లేదని నిర్ణయించుకున్నాడు. 1943లో నజీముద్దీన్ నాయకత్వంలో ముస్లిం లీగ్ మంత్రివర్గం ఏర్పడుతుంటే 21 మంది షెడ్యూల్డ్ కులాల శాసనసభ్యుల మద్దతుతో బేరం పెట్టాడు. తమ వాళ్ళకి మూడు మంత్రి పదవులు, దళితుల చదువుకి ఏటా 5 లక్షల రూపాయలు, ప్రభుత్వోద్యోగాల్లో కోటా ఖచ్చితంగా అమలు. ఈ షరతులు తర్వాత తన రాజీనామా ఉత్తరంలో తనే రాశాడు. సహకార పరపతి, గ్రామీణ రుణాల శాఖ ఆయనకి వచ్చింది. అప్పులూ శిస్తులూ కింద నలిగిన జిల్లా నుంచి వచ్చినవాడికి అది చిన్న శాఖ కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటిపోలేను. ఆ మంత్రివర్గం కుర్చీలో ఉన్న ఏడాదే బెంగాల్ కరువు. 30 లక్షల దాకా చనిపోయారని అంచనా. పోయినవాళ్ళలో ఎక్కువ మంది కూలీలు, జాలర్లు, పడవలవాళ్ళు, అంటే మండల్ ఎవరి కోసం పదవి తీసుకున్నాడో వాళ్ళే. యుద్ధం, బ్రిటిష్ ప్రభుత్వం పడవలు లాక్కోవడం, ధాన్యం వ్యాపారుల దురాశ అన్నీ నిజమే. అయినా ఆ మంత్రివర్గంలో కూర్చున్న ప్రతివాడి లెక్కలోనూ ఆ చావులుంటాయి. మండల్‌ని ప్రేమించేవాళ్ళు ఆయన కథ చెప్పేటప్పుడు ఈ ఏడాదిని మెల్లగా దాటేస్తారు. దాటకూడదు.

1943లోనే ఆయన అంబేడ్కర్‌తో కలిసి షెడ్యూల్డ్ కులాల సమాఖ్య బెంగాల్ శాఖని నిలబెట్టాడు. 1946 ఎన్నికల్లో బెంగాల్ మొత్తం మీద సమాఖ్య తరఫున గెలిచింది ఆయనొక్కడే. ఆ ఒక్కడు తిరిగి తిరిగి, కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన దళిత సభ్యుల్ని కూడా ఒప్పించి అంబేడ్కర్‌కి ఓట్లు వేయించాడు. మన రాజ్యాంగ రచనలో అంబేడ్కర్ అడుగుపెట్టిన తలుపు బరిశాల్ పల్లెల నుంచి వచ్చినవాడు తీసింది. దేశ విభజనతో ఆ సభ్యత్వం పోయాక అంబేడ్కర్ 1947 జూలైలో బొంబాయి నుంచి మళ్ళీ ఎన్నికయ్యాడు. కానీ ఆ మొదటి ఏడాది సభలో ఆయన గొంతు వినబడింది బెంగాల్ సభ్యుడిగానే.

1946 ఆగస్టు 16న కలకత్తాలో మారణహోమం మొదలైంది. అక్టోబర్‌లో నోవఖాలీ. తను మంత్రిగా ఉన్న బెంగాల్‌లోని సుహ్రావర్దీ లీగ్ మంత్రివర్గం నుంచి బయటికి రమ్మని మండల్ మీద ఒత్తిడి పెరిగింది, ప్రాణభయం కూడా. రాలేదు. అల్లర్లలో దిగొద్దని తన వాళ్ళకి చెబుతూ ఊళ్ళు తిరిగాడు. ఇది కాంగ్రెస్‌కీ లీగుకీ మధ్య పోరు, మనం ఎవరి కోసమో కత్తి పట్టొద్దు అన్నది ఆయన వాదన. అక్టోబర్‌లో ఢిల్లీలో తాత్కాలిక ప్రభుత్వంలోకి లీగ్ అయిదుగురిని పంపింది. లియాఖత్ అలీ ఖాన్, చుంద్రీగర్, నిష్తర్, గజన్‌ఫర్ అలీ ఖాన్, అయిదో పేరు మండల్. ఆయనకి న్యాయశాఖ ఇచ్చారు. కాంగ్రెస్ తన తరఫున ముస్లిం మంత్రిని పెట్టుకుంటే లీగ్ తన తరఫున దళిత హిందువుని పెట్టిందని, ఇది జిన్నా ఎత్తుగడ అని అప్పుడే అన్నారు. ఎత్తుగడే. అయితే మండల్‌కి అది తెలియదనుకోవడం ఆయన తెలివిని తక్కువ చేయడం.

బరిశాల్‌లో ఆ సాయంత్రం కీర్తన్‌ఖోలా గట్టు మీద కూర్చుని కరాచీ గురించి చదువుకున్నాను. అక్కడికి నేను వెళ్ళలేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాడికి ఆ దారి తేలికైంది కాదు. 1947 ఆగస్టు 10న కరాచీలోని సింధ్ శాసనసభ భవనంలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. తాత్కాలిక అధ్యక్షుడిగా ఆ కుర్చీలో మండల్‌ని కూర్చోబెట్టారు. మర్నాడు జిన్నాని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. గుడికి పోయేవాళ్ళు గుడికి, మసీదుకి పోయేవాళ్ళు మసీదుకి పోవచ్చని, మతానికీ రాజ్య వ్యవహారాలకీ సంబంధం లేదని జిన్నా చెప్పిన ప్రసంగం ఆ రోజుదే. పాకిస్తాన్‌లో 2009 నుంచి ఆ తేదీని మైనారిటీల దినంగా జరుపుతున్నారు. ఆ పని చేయించిన అల్పసంఖ్యాక శాఖ మంత్రి, క్రైస్తవుడు షాబాజ్ భట్టీని 2011 మార్చిలో ఇస్లామాబాద్‌లో కాల్చి చంపారు.

పాకిస్తాన్ మొదటి మంత్రివర్గంలో మండల్ ఏకైక హిందువు. సరిహద్దుకి ఇవతల న్యాయశాఖ అంబేడ్కర్‌ది, అవతల న్యాయశాఖ మండల్‌ది. ఇద్దరూ దళితులు, ఒకే సమాఖ్య మనుషులు. ఒకరు 1950లో రాజీనామా చేశారు, ఇంకొకరు 1951లో. ఉపఖండంలో రెండు కొత్త దేశాలూ తమ మొదటి న్యాయమంత్రిని నిలుపుకోలేకపోయాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇద్దరి దారులూ అప్పటికే విడిపోయాయి. 1947 నవంబర్‌లోనే అంబేడ్కర్ ప్రకటన ఇచ్చాడు. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డ్ కులాలవాళ్ళు ఏ దారి దొరికితే ఆ దారిన ఇండియాకి వచ్చేయండని. సింధ్‌లో అప్పుడు పాకీ పనివాళ్ళని అత్యవసర సేవల పేరుతో కదలనివ్వలేదు. హిందువులంతా ఓడలెక్కుతుంటే కరాచీ మరుగుదొడ్లు కడిగేవాళ్ళని మాత్రం ఆపేశారు. వాళ్ళ గుర్తింపుకి బిళ్ళలు పెట్టాలన్న మాట కూడా వచ్చింది. ఆ నగరంలోనే మండల్ కార్మిక మంత్రి. 1948 సెప్టెంబర్‌లో జిన్నా పోయాడు. 1949 మార్చి 12న లక్ష్యాల తీర్మానం ఆమోదం పొందింది. రాజ్యాధికారానికి ఇస్లాం పునాది అన్న ఆ తీర్మానానికి తూర్పు బెంగాల్ హిందూ సభ్యులు తెచ్చిన సవరణలన్నీ వీగిపోయాయి. మండల్ అప్పటికి మంత్రివర్గంలోనే ఉన్నాడు. ఆయన ఎందుకు అప్పుడే బయటికి రాలేదన్న ప్రశ్న న్యాయమైనది. నా ఉద్దేశంలో జవాబు కరాచీలో లేదు. తన మాట నమ్మి తూర్పు బెంగాల్‌లో ఉండిపోయిన లక్షల మంది ఉన్నారు. మంత్రి కుర్చీ వదిలిన మర్నాడు వాళ్ళ తరఫున ఠాణాకి ఫోన్ చేసేవాడు ఉండడు.

బరిశాల్ నుంచి పశ్చిమంగా పిరోజ్‌పూర్, బాగేర్‌హాట్ మీదుగా ఖుల్నాకి బస్సులో వెళ్ళాను. కాలువలు సన్నబడి, రోడ్లు గట్టిపడతాయి. కుడివైపు, కనుచూపు మేరకి అవతల గోపాల్‌గంజ్. రాజీనామా ఉత్తరంలో మండల్ ముందుగా చెప్పిన సంఘటన అక్కడి దీఘర్‌కుల్ అనే ఊరిది. అది ఒక వల తగాదా. ఒక నమశూద్రుడు చేపలు పడుతున్న చోట పడవలో వచ్చిన ముస్లిం వల వేయబోయాడు. నా ముందు వేయొద్దని ఇతనన్నాడు. మాటా మాటా పెరిగింది. రెండోవాడు తనని, పడవలో ఉన్న ఆడమనిషిని కొట్టారని అబద్ధపు ఫిర్యాదు చేశాడు. అటుగా పడవలో పోతున్న సబ్ డివిజనల్ అధికారి విచారణ లేకుండా సాయుధ పోలీసుల్ని పంపాడు. ఊరు ఊరంతా దెబ్బలు తిన్నది, ఇళ్ళు దోచుకున్నారు. మంత్రిగా మండల్ విచారణ అడిగాడు. జరగలేదు.

ఈ ఒక్క సంఘటన మీద నేను చాలాసేపు ఆగిపోయాను. జాలరి జాలరితో కొట్లాడటం ఆ నీళ్ళకి కొత్త కాదు. చేపలున్న చోట వలల తగవు తప్పదు. జమీందారీ రోజుల్లోనూ ఉండేది, ఊరి పెద్దలు కూర్చుని తేల్చేవారు. ఇప్పుడు ఆ తగవులోకి తుపాకులు దిగాయి, అదీ ఒక వైపునే. మండల్ లెక్క రైతుల మీద కట్టింది. ఇద్దరి కష్టం ఒకటే కాబట్టి ఇద్దరూ కలుస్తారని. ఆ లెక్కలో రాజ్యం లేదు. కొత్త రాజ్యం తనది అనుకున్న అధికారి, ఆ అధికారి తనవాడు అనుకున్న రైతు, వీళ్ళిద్దరూ కలిస్తే పాత పొరుగు ఏమవుతుందో ఆయన ఊహించలేదు. గౌర్‌నదిలో కమ్యూనిస్టుల కోసం గాలింపు పేరుతో ఆయన సొంత ప్రాంతం మీదే పోలీసులు పడ్డారు.

బాగేర్‌హాట్ జిల్లాలోనే కాల్‌శిరా ఉంది. 1949 డిసెంబర్ 20న ఒక కమ్యూనిస్టు కోసం పోలీసులు ఆ ఊళ్ళో ఇంటి మీదికి వెళ్ళారు. ఆడవాళ్ళ అరుపులకి జనం పోగయ్యారు, కొట్లాటలో ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. ఆ తర్వాత పోలీసులూ, అన్సార్లనే సహాయక దళంవాళ్ళూ వచ్చి చుట్టుపక్కల నమశూద్ర ఊళ్ళని నేలమట్టం చేశారు. అక్కడి నుంచి కలకత్తా చేరినవాళ్ళ కథలు అక్కడ మంటలు రేపాయి. ఆ మంటల వార్తలు మళ్ళీ ఢాకాని రగిలించాయి. 1950 ఫిబ్రవరి 10న ఢాకా, రెండు మూడు రోజుల్లో బరిశాల్. ములాది రేవులో చంపిన తీరు గురించి మండల్ రాసింది ఇక్కడ తిరిగి రాయలేను. ఆ జిల్లాలో ఆయన ఊళ్ళు తిరిగాడు. మూడేళ్ళ కిందట అదే కాలువల మీద తిరిగి, ఇక్కడే ఉండండి, మన బతుకు ఈ మట్టితోనే అని చెప్పింది ఆయనే. తగలబడ్డ ఇంటి ముందు నిలబడి ఆ మనుషుల కళ్ళలోకి ఎలా చూశాడో.

ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ ఒప్పందం చేసుకున్నారు. మండల్ దాని అమలు కోసం ఇంకొన్ని నెలలు ఎదురుచూశాడు. 1950 అక్టోబర్ 8న కలకత్తా నుంచి లియాఖత్ అలీ ఖాన్‌కి రాజీనామా పంపాడు. అది ఉత్తరం కాదు, ఒక చార్జిషీటు. ఊళ్ళ పేర్లు, ఠాణాల పేర్లు, తేదీలు, తను ఎవరికి ఫిర్యాదు చేస్తే ఏం జరిగిందో అన్నీ వరసగా ఉంటాయి. దాన్ని ఈ మధ్య మన దేశంలో చాలామంది చదువుతున్నారు. పౌరసత్వ సవరణ చట్టం మీద గొడవ జరిగినప్పుడు, 2020 ఫిబ్రవరిలో ప్రధాని లోక్‌సభలో మండల్ పేరెత్తారు. ఉత్తరంలో రెండో సగం అందరికీ కంఠతా వచ్చేసింది. మొదటి సగం ఎవరూ చెప్పరు. అందులో తను లీగ్‌తో ఎందుకు కలిశాడో ఆయన దాచకుండా రాశాడు. బెంగాల్ ముస్లింలూ షెడ్యూల్డ్ కులాలూ ఎక్కువగా రైతులూ కూలీలూ జాలర్లూనని, ఇద్దరూ చదువులో వెనకబడ్డవాళ్ళేనని, కాబట్టి కలిసి నడిస్తే ఇద్దరికీ మేలనుకున్నానని. ఓడిపోయిన తర్వాత కూడా ఆ కారణం తప్పని ఆయన అనలేదు.

జెస్సోర్ రోడ్డు మీద శతాబ్దం పైబడ్డ నిద్రగన్నేరు చెట్లు రెండు వైపుల నుంచీ కమ్ముకుని ఉంటాయి. ఊళ్ళ మొదట్లో ఈత చెట్లకి కుండలు కట్టి ఉన్నాయి. పొద్దున పులియని ఈత నీరు గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు. చలిలో అది గొంతు దిగుతుంటే మన ఊళ్ళ ఈత వనాలు గుర్తొచ్చాయి. బెనాపోల్ దగ్గర సామాను మోసుకుని సరిహద్దు దాటాను. అటువైపు పెట్రాపోల్. కొద్ది మైళ్ళలో బొంగావ్, ఇచ్ఛామతి నది. నది నిండా గుర్రపుడెక్క, నీళ్ళు కనబడవు. బొంగావ్ లోకల్ ఎక్కి రెండు స్టేషన్లు పోతే ఠాకూర్‌నగర్. ఓరాకాంది వదిలి వచ్చిన గురుచాంద్ మనవడు పి.ఆర్. ఠాకూర్ విభజన తర్వాత కట్టించిన ఊరు. ఠాకూర్ కాంగ్రెస్‌తో నడిచాడు, మండల్ లీగ్‌తో. ఇద్దరి జనమూ చివరికి ఒకే రైలు పట్టాల పక్కన చేరారు.

ఆ జనం దగ్గరికే మండల్ తిరిగి వచ్చాడు. కానీ వచ్చినవాడిని ఎవరూ ఆదరించలేదు. హిందూ పార్టీలకి ఆయన జోగేన్ అలీ. కాంగ్రెస్‌కి పాత శత్రువు. శరణార్థుల్లో కొందరికి తమని అక్కడ ఉండమన్న మనిషి. అయినా ఆయన శిబిరాలే పట్టుకు తిరిగాడు. చదువుకున్న పై కులాల శరణార్థులు కలకత్తా చుట్టూ కాలనీల్లో నిలదొక్కుకున్నారు. ఆలస్యంగా వచ్చిన నమశూద్ర రైతుల్ని దండకారణ్యానికి పంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. నీళ్ళ మీద బతికినవాళ్ళని రాళ్ళ అడవికి. బెంగాల్‌లోనే బంజరు భూములున్నాయి, ఇక్కడే నిలపండని మండల్ పోరాడాడు. ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడాడు, మళ్ళీ నిలబడ్డాడు. ఇండియాలో ఒక్క ఎన్నికా గెలవలేదు.

1965లో లోకూర్ కమిటీ ఇచ్చిన నివేదిక ఆయన ఆఖరి పోరాటం. బాగా ముందుకొచ్చాయన్న పేరుతో కొన్ని కులాల్ని షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి తీసేయాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. వాటిలో నమశూద్ర ఒకటి. ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని టార్పాలిన్ కింద పడుకుంటున్న జనాన్ని ముందుకొచ్చారనడం మండల్ సహించలేదు. సభలు పెట్టాడు, మెమొరాండాలు రాశాడు. ఆ తొలగింపు జరగలేదు, పశ్చిమ బెంగాల్ జాబితాలో నమశూద్ర నిలిచింది. మధ్యంతర ఎన్నికల ప్రచారానికి బొంగావ్ వచ్చి 1968 అక్టోబర్ 5న అక్కడే చనిపోయాడు. కొడుకు జగదీశ్ చంద్ర మండల్ తండ్రి ఉత్తరాలూ ప్రసంగాలూ పోగుచేసి సంపుటాలుగా అచ్చు వేయకపోయి ఉంటే ఈ పద్దెనిమిదేళ్ళ మాట ఎవరికీ అందేది కాదు.

దండకారణ్యం అంటే మనకి దూరం కాదు. చింతూరు దాటి అవతల మల్కన్‌గిరిలో నంబర్లే పేర్లుగా ఉన్న బెంగాలీ పల్లెలున్నాయి. మన కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాంలో, నజ్రుల్‌నగర్‌లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఎక్కువ మంది నమశూద్రులే. బెంగాల్ నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్ళకి నేను అక్కడికి వెళ్ళాను. ఇళ్ళ వెనక చేపల చెరువులు, వాకిట్లో తులసికోట, లోపల గోడ మీద హరిచాంద్, గురుచాంద్ పటాలు. డిగ్రీ చదివిన ఒక కుర్రాడు నన్ను ఊరంతా తిప్పాడు. ఇంట్లో బెంగాలీ, బయట తెలుగు. మాట తీరు అచ్చం ఆసిఫాబాద్ యాసే.

"మా మేనమామలు ఠాకూర్‌నగర్‌ల ఉంటరు సార్. వాళ్ళ పిల్లలకు ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. ఒకాయన టీచరైండు గూడ. మాకైతే ఈడ ఇయ్యరు" అన్నాడు.

"అడిగారా?"

"మా తాత అడిగిండు, మా నాయన అడిగిండు. ఇప్పుడు నేను అడుగుతున్న."

వాళ్ళ తాత ఖుల్నా జిల్లావాడు. మండల్ సభకి పడవలో వెళ్ళి వచ్చానని చెప్పేవాడట. అంబేడ్కర్‌ని రాజ్యాంగ సభకి పంపింది బెంగాల్ నమశూద్రులని నేను చెబితే ఆ కుర్రాడికి అది తెలుసు, నాకంటే వివరంగా తెలుసు. వినతిపత్రంలో ఆ సంగతి రాశాడు కూడా. కాగితం తెచ్చి చూపించాడు. తెలంగాణ షెడ్యూల్డ్ కులాల జాబితాలో 59 పేర్లున్నాయి, నమశూద్ర అందులో లేదు. కొత్త కులాన్ని జాబితాలో చేర్చాలంటే 341వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. అంతదాకా అతను ఉద్యోగ పరీక్షలన్నిటికీ ఓసీ కిందే దరఖాస్తు పెడుతున్నాడు.